తయారీకి ముందు మూడు వారాలు: విద్యార్థుల వీడియో గేమ్‌కు ప్రీ ప్రొడక్షన్

ప్రీ ప్రొడక్షన్ అనే మాట తెలుగు పాఠకులకు సినిమా వార్తల ద్వారా బాగా పరిచయమే. విశాఖపట్నంలో పెరిగినవారికి ఆ మాట వెనుక ఉన్న పని కూడా కొంత కంటబడే ఉంటుంది. భీమిలి దారిలోనో, యారాడ ఒడ్డునో నిలబడి లొకేషన్లు చూసుకునే బృందాలు ఈ ఊరికి కొత్త కాదు. ఆ పరిచయం వల్లనే కాబోలు, మన విద్యార్థులు వీడియో గేమ్‌ను ప్రాజెక్టుగా తీసుకున్నప్పుడు సినిమాకు చేసినట్టే సన్నాహాలు చేస్తారు. కథ రాస్తారు, పాత్రలకు పేర్లు పెడతారు, రెండు మూడు రంగుల బొమ్మలు గీస్తారు, అన్నింటినీ నలభై పేజీల డాక్యుమెంటుగా బైండింగ్ చేయించి గైడ్ సంతకం తీసుకుంటారు. ఆపైన తయారీ మొదలవుతుంది. పదో వారంలో ఆట మొదటిసారి తెరమీద కదిలినప్పుడు, అది రెండోసారి ఆడబుద్ధి కాని ఆట అని అందరికీ ఒకేసారి అర్థమవుతుంది. మార్చడానికి అప్పటికి సమయం మిగలదు.

ఇలాంటి బృందాల పక్కన కూర్చొని సలహాలు ఇవ్వడం కొన్నేళ్లుగా నా పనుల్లో ఒకటి. మధ్యలో ఆగిపోయిన ప్రాజెక్టులను తలచుకున్నప్పుడు ఆ పిల్లలకు తెలివి తక్కువైందని గాని, శ్రమ తక్కువైందని గాని నాకు అనిపించదు. మొదటి మూడు వారాల్లో తేల్చుకోవలసిన సంగతులను వారు తేల్చుకోకుండా కేవలం రాసిపెట్టుకున్నారు. రాసుకోవడానికీ తేల్చుకోవడానికీ మధ్య ఉన్న తేడాను విడమరచి చెప్పడానికే ఈ వ్యాసం.

సినిమాకూ ఆటకూ ఇక్కడే దారులు వేరవుతాయి. అనుభవమున్న దర్శకుడు స్క్రిప్టు చదివితే సినిమా ఎలా ఉండబోతుందో చాలావరకు ఊహించగలడు. ఆట విషయంలో ఆ ఊహ పనిచేయదు. పులి-మేక ఆటనే తీసుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు, గీతల మీద కదలికలు, దూకి చంపడం, చుట్టుముట్టి కట్టేయడం: నియమాలన్నీ ఒక చిన్న కాగితంలో పట్టేస్తాయి. కాని పులులు రెండే ఉంటే ఆట చప్పబడుతుందా, మేకలు పన్నెండే ఉంటే పులి ప్రతిసారీ గెలుస్తుందా అన్నది ఆ కాగితం చదివి ఎవరూ చెప్పలేరు. నేల మీద సుద్దతో గీసి, గింజలు పెట్టి, నాలుగుసార్లు ఆడితే అరగంటలో తెలుస్తుంది. వీడియో గేమ్‌కు ప్రీ ప్రొడక్షన్ అంటే ఆ అరగంట పనే. ఇంకా తెలియని సంగతులను, తప్పు చేసినా పెద్దగా నష్టం లేని రోజుల్లోనే, చవకగా తెలుసుకొనే దశ అది.

తర్వాతి కాలంలో ప్లేస్టేషన్ 4 అనే గేమ్ యంత్రానికి ప్రధాన రూపశిల్పిగా పేరుపొందిన మార్క్ సెర్నీ, 2002లో డైస్ అనే గేమ్ పరిశ్రమ సదస్సులో చేసిన ప్రసంగంలో ఈ విషయాన్నే గట్టిగా వాదించారు. ప్రీ ప్రొడక్షన్‌ను తేదీలవారీగా బిగించలేమని, లావుపాటి డిజైన్ డాక్యుమెంటుతో దాన్ని ముగించడం తప్పని, నిజంగా ఆడగలిగే ఒక చిన్న భాగం చేతికి వచ్చినప్పుడే అది పూర్తయినట్టని ఆయన మాటల సారాంశం. ఆయన చెప్పింది పెద్ద సంస్థల గురించి. అయితే పన్నెండు వారాల్లో, ఖాళీ దొరికిన సాయంత్రాల్లో ఆట చేయవలసిన నలుగురు విద్యార్థులకు ఆ మాట ఇంకా ఎక్కువగా వర్తిస్తుందని నా నమ్మకం, ఎందుకంటే వారి దగ్గర వృథా చేయడానికి ఒక్క వారం కూడా లేదు.

ఆటగాడు చేసే పని ఏమిటి?

ఒక బృందం ఆలివ్ రిడ్లీ తాబేళ్ల మీద ఆట చేస్తామని వచ్చింది. విశాఖ పిల్లలకు సహజంగా తట్టే విషయమే. చలికాలం చివరి నెలల్లో ఆ తాబేళ్లు మన తీరానికి వచ్చి, రాత్రిపూట ఇసుకలో గుంట తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. అటవీశాఖవారు, స్వచ్ఛంద కార్యకర్తలు ఆ గుడ్లను సేకరించి, కంచె వేసిన సంరక్షణ కేంద్రాల్లో పాతిపెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. వాటికి సముద్రం ఎటు ఉందో చెప్పేది వెలుగు. సహజమైన తీరంలో రాత్రివేళ నేలకంటే సముద్రం వైపు దిగంతమే కాస్త తేటగా ఉంటుంది కనుక అవి అటు నడుస్తాయి. రోడ్డు దీపాలు వెలుగుతుంటే దారి తప్పి ఊరి వైపు వస్తాయి.

ఆ బృందం తెచ్చిన కాగితాల్లో ఒక తాబేలు పిల్ల పుట్టుక, తల్లికోసం వెతుకులాట, ఆర్కే బీచ్, రుషికొండ, భీమిలి, యారాడ, అప్పికొండ అనే ఐదు తీరాల మీదుగా ప్రయాణం, చివర పెద్ద తుపాను ఉన్నాయి. చక్కగా రాశారు. అంతా చదివాక నేను ఒకే ప్రశ్న అడిగాను: “ఆడేవాడు ప్రతి పది సెకన్లకూ చేతితో ఏం చేస్తాడు?”

“తాబేలును కాపాడతాడు సార్.”

“కాపాడడం సరే. వేలితో ఏం చేస్తాడు?”

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం ప్రతి బృందంలోనూ వస్తుంది, రావడం మంచిదే. కథలోని క్రియలు వేరు, ఆటలోని క్రియలు వేరు. వెతకడం, తెగించడం, ప్రేమించడం కథకు సరిపోతాయి. ఆటకు మాత్రం నొక్కడం, లాగడం, వదలడం, ఆర్పడం, దూకడం వంటివి కావాలి. ఆటగాడు మళ్లీ మళ్లీ చేసే ఆ ప్రధాన క్రియ, దానికి ఆట ఇచ్చే జవాబు, ఆ జవాబు చూసి అతను తీసుకొనే తర్వాతి నిర్ణయం, ఈ మూడూ కలిసి తిరిగే చక్రాన్నే ఈ రంగంలోవారు కోర్ లూప్ అంటారు. ఒక్క వాక్యంలో అది చెప్పలేనంతవరకు బొమ్మల జోలికి, కోడు జోలికి పోకూడదన్నది నేను పట్టుబట్టే నియమం.

అరగంట చర్చలో మూడు దారులు బయటపడ్డాయి. తాబేలు పిల్లనే నడిపిస్తూ పీతలను, కుక్కలను తప్పించుకోవడం మొదటిది. పిల్లలు వాటంతట అవే నడుస్తుంటే, వాటి మీదికి వచ్చే జంతువులను అదిలించడం రెండోది. బీచ్ రోడ్డు దీపాలను ఆర్పుతూ, వెలిగిస్తూ పిల్లలు సముద్రం వైపు మళ్లేలా చూడడం మూడోది. ఒకే కథ కింద దాగిన మూడు వేర్వేరు ఆటలివి. మొదటి రెండూ మనం ఏదో ఒక రూపంలో ఆడేసినవే. మూడోదానిలో ఆ జీవి స్వభావమే ఆట నియమం అవుతోంది కాబట్టి నేను దానివైపు మొగ్గాను, అయితే నా మొగ్గును బట్టి నిర్ణయించుకోవద్దనీ, ఆడి చూసి తేల్చుకొమ్మనీ చెప్పాను.

గ్రాఫ్ కాగితం, చింతగింజలు, రూపాయి బిళ్లలు

ఆ సాయంత్రం జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రీ ప్రొడక్షన్‌లో అన్నిటికంటే చవకైన పనీ, అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చిన పనీ అదే.

పెద్ద గ్రాఫ్ షీటు ఒకటి తెచ్చి బల్ల మీద పరిచారు. ఒక అంచున నీలి పెన్సిలుతో సముద్రం, ఎదురు అంచున బీచ్ రోడ్డు గీశారు. ఆరు చింతగింజలు తాబేలు పిల్లలు. ఐదు రూపాయి బిళ్లలు దీపస్తంభాలు; బొమ్మ పైకి ఉంటే దీపం వెలిగినట్టు, బొరుసు పైకి ఉంటే ఆరినట్టు. ప్రతి వంతుకూ ఆటగాడు ఒక బిళ్లను తిప్పవచ్చు. ఆ తర్వాత గింజలన్నీ ఒక్కో గడి కదులుతాయి: నాలుగు గడుల లోపు వెలిగే దీపం ఉంటే దానివైపు, లేకపోతే సముద్రం వైపు.

మొదటిసారి ఆడినప్పుడు ఆట రెండు నిమిషాల్లో ముగిసింది. వంతుకొకటి చొప్పున దీపాలన్నీ ఆర్పేస్తే గింజలన్నీ నీళ్లలోకి వెళ్లిపోయాయి. ఆలోచించవలసింది ఏమీ లేదు. అప్పుడు ఒక అమ్మాయి, “రోడ్డంతా చీకటి చేస్తే మనుషులెలా నడుస్తారు?” అంది. దాంతో కొత్త నియమం పుట్టింది: ఒకేసారి రెండు దీపాలకు మించి ఆరి ఉండకూడదు, మూడోది ఆర్పాలంటే ముందు ఆర్పినవాటిలో ఒకటి వెలిగించాలి. వెంటనే ఆట స్వరూపం మారిపోయింది. ఎడమవైపు గింజలను కాపాడితే కుడివైపువి రోడ్డుకు దగ్గరవుతున్నాయి. ఎవరిని ముందు, ఎవరిని తర్వాత అన్న లెక్క మొదలైంది.

మూడో ఆటలో ఇంకొకటి జరిగింది. పీత బొరియగా గుర్తుపెట్టిన గడి వైపు ఒక గింజ పోతుంటే, ఆడుతున్న అబ్బాయి ఆర్పిన దీపాన్ని కావాలనే వెలిగించి, ఆ గింజను పక్కకు లాగి, ఆపైన దీపం ఆర్పి సముద్రం వైపు వదిలాడు. అందరూ ఒక్కసారిగా బల్ల మీదికి వంగారు. అప్పటిదాకా ప్రమాదంగా మాత్రమే ఉన్న దీపం ఒక సాధనంగా మారింది. ఇలాంటి క్షణం కాగితం మీద దొరికిందంటే ఆ ఆటలో పస ఉన్నట్టే.

కాని అక్కడే ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకపోవడం ఆ బృందం చేసిన మంచి పని. నిజమైన తీరంలో దీపం తాబేలు పిల్లకు ఏ విధంగానూ మేలు చేయదు. దీపంతో లాగి కాపాడవచ్చు అని ఆట నేర్పితే అది అబద్ధం నేర్పినట్టే. సరదాకూ సత్యానికీ పేచీ వచ్చినప్పుడు ఏది వదులుకోవాలన్న ప్రశ్న తయారీ మధ్యలో ఎదురైతే బృందం చీలిపోతుంది, ముందే వస్తే చర్చించుకోవచ్చు. వారు మళ్లీ తాబేళ్ల గురించి చదివారు. గుడ్డు నుంచి బయటపడిన పిల్లకు మొదటి రోజుల ఓపిక ఒంట్లో మిగిలిన పచ్చసొన నుంచే వస్తుందని, దారి తప్పి తిరిగితే ఆ శక్తి అయిపోయి నీరసిస్తుందని తెలిసింది. ఆ వాస్తవమే పరిష్కారం చూపింది. ప్రతి గింజకూ ఇరవై అడుగుల ఓపిక మాత్రమే ఉంటుంది; దీపంతో పక్కకు లాగిన ప్రతి అడుగూ ఆ లెక్కలోంచి పోతుంది. దీపం ఇప్పుడు కూడా సాధనమే, అయితే దాని ఖర్చు తాబేలు మోయాలి.

ఇదంతా ఒక్క సాయంత్రం. ఇదే మార్పుల క్రమాన్ని కోడులో చేసి ఉంటే తక్కువలో తక్కువ రెండు వారాలు పట్టేది, పైగా రాసిన కోడు మీద మమకారం పెరిగి సగం మార్పులు చేసేవారే కారు.

బొమ్మలు లేని మొదటి రూపం

కాగితం అన్నిటికీ జవాబు చెప్పదు. వేలితో తాకినప్పుడు దీపం ఎంత త్వరగా ఆరాలి, ఆరు పిల్లలు ఒకేసారి కదులుతుంటే కన్ను పట్టుకోగలదా, వంతులు లేకుండా అంతా ఏకధాటిగా సాగితే ఒత్తిడి హాయిగా ఉంటుందా, చిరాకు తెప్పిస్తుందా: ఇవి తెర మీదే తెలుస్తాయి. రెండో వారంలో చేయవలసింది ఆ తెర నమూనా. ఇందులో బొమ్మలు ఉండకూడదు. తాబేలు ఒక చిన్న గుండ్రం, దీపం ఒక చతురస్రం, సముద్రం ఒక నీలి పట్టీ. అందమైన బొమ్మ పెడితే చూసేవారు బొమ్మను మెచ్చుకుంటారు, ఆట సంగతి మరుగున పడుతుంది.

1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్, పైనుంచి పడే ఆకారాలను పేర్చే టెట్రిస్ ఆటను మొదట తయారుచేసిన ఎలక్ట్రోనికా 60 కంప్యూటరుకు బొమ్మలు చూపే శక్తే లేదు. ఆయన కుండలీకరణాలను పక్కపక్కన పేర్చి గడులుగా చూపించారు. ఆ ఆటలో మరో పాఠం కూడా ఉంది. ఆయనకు ప్రేరణ ఐదేసి గడులు కలిసిన ఆకారాలతో ఆడే పజిల్. అవి 12 రకాలు. అన్ని ఆకారాలు పడుతుంటే ఆట మరీ జటిలమవుతుందని నాలుగేసి గడుల ఆకారాలకు దిగారు. అవి 7 మాత్రమే. ప్రపంచమంతా ఆడిన ఆట ఆ తగ్గింపు నుంచి పుట్టింది. మన విద్యార్థులకు ఇది చెప్పినప్పుడు, ఐదు తీరాలను ఒక తీరానికి కుదించడం వారికి అంత బాధగా అనిపించదు.

ఈ నమూనా కోడును తర్వాత పారేయాలన్న ఒప్పందం ముందే ఉండాలి. తొందరలో రాసిన కోడు మీదే అసలు ఆటను కట్టడం, పందిరి గుంజల మీద మేడ కట్టడం వంటిది.

నమూనాను పరాయివారి చేత ఆడించే పద్ధతి కూడా నేర్చుకోవలసిందే. ఆడేవారి పక్కన కూర్చొని “అది కాదు, ఇక్కడ నొక్కు” అని చెప్పడం దాదాపు అందరూ చేసే పొరపాటు. ఆ బృందం పక్కింటి పదేళ్ల పాపను కూర్చోబెట్టింది. షరతు ఒకటే: నలుగురూ నోరు మెదపకూడదు, చూసింది రాసుకోవాలి. పాప మొదట గుండ్రాలను వేలితో లాగబోయింది. అవి కదలలేదు. చతురస్రాలు పసుపు రంగులో మెరుస్తున్నాయి కనుక అవే చేరవలసిన చోటు అనుకొని, గుండ్రాలు వాటి దగ్గరికి వెళ్తుంటే చప్పట్లు కొట్టింది. తాబేలు పిల్ల పడే పొరపాటే ఆ పాపా పడింది. నలుగురి నోటు పుస్తకాల్లోనూ ఆ వాక్యం ఉంది. ఫలితంగా ఆటలోని మొదటి అంకం (లెవెల్) మారిపోయింది: ఒకే పిల్ల, ఒకే దీపం, చుట్టూ చీకటి. నొక్కడానికి దీపం తప్ప మరేమీ లేదు. ఒక్క అక్షరం చదవకుండానే ఆట నియమం తెలిసిపోతుంది.

డాక్యుమెంటులో ఏముండాలి

డాక్యుమెంటు అక్కరలేదని నేను అనడం లేదు. కాలేజీ అడుగుతుంది, ఇవ్వాలి. అయితే బృందం రోజూ చూసుకొనే కాగితం వేరు. అది ఒక పేజీ దాటకూడదు. ఆట ఒక వాక్యంలో, కోర్ లూప్ మూడు వాక్యాల్లో, ఎవరికోసం, ఏ పరికరం మీద, ఎన్ని నిమిషాల ఆట అన్న సంగతులు పైన ఉండాలి. కింద, నా దృష్టిలో అన్నిటికంటే విలువైన రెండు జాబితాలు: తేలిన నిర్ణయాలు, ఇంకా తేలనివి. నిర్ణయం పక్కన తేదీ, కారణం రాయాలి. “రెండు దీపాలకు మించి ఆరకూడదు; లేకపోతే ఎంపికే ఉండదు” అని రాసి ఉంటే, ఆరో వారంలో ఎవరో “మూడు చేద్దాం” అన్నప్పుడు చర్చ మొదటికి రాదు. తేలనివి అన్న జాబితా ఖాళీగా ఉన్న డాక్యుమెంటును నేను నమ్మను. రెండో వారంలో అన్నీ తేలిపోయాయంటే ప్రశ్నలు సరిగా వేసుకోలేదని అర్థం.

స్నేహితుల బృందాల్లో తుది మాట ఎవరిదన్నది కూడా ఈ కాగితం మీదే ఉండాలి. మొహమాటం వల్ల ఇది ఎవరూ రాయరు. ఆట నియమాల మీద ఒకరు, బొమ్మల మీద ఒకరు, కోడు మీద ఒకరు, సమయం మీద ఒకరు ఆఖరి నిర్ణయం తీసుకుంటారని రాసుకుంటే స్నేహానికి వచ్చే లోటేమీ లేదు.

90 గంటలు

ఇక సమయం. నలుగురు విద్యార్థులు, వారానికి ఒక్కొక్కరికి 6 గంటలు, 12 వారాలు: మొత్తం 288 గంటలు. వినడానికి ఎక్కువే. మధ్యంతర పరీక్షల వల్ల రెండు వారాలు పోతాయి, 240. ప్రీ ప్రొడక్షన్‌కు మూడు వారాలు, అంటే 72 గంటలు తీసేస్తే 168. చివరి రెండు వారాలు తప్పులు దిద్దడానికే కేటాయించాలి, 120. జ్వరాలు, ఊరి ప్రయాణాలు, పండగలు, కరెంటు, ల్యాప్‌టాప్ మొండికేయడం వంటివాటికి నాలుగో వంతు పక్కన పెట్టాలి. మిగిలేవి 90 గంటలు. ఆట మొత్తం ఆ 90 గంటల్లో తయారవ్వాలి. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు గదిలో ఎవరి మొహమూ వెలగదు, కాని రెండో వారంలో తెలియడమే మేలు.

తర్వాత చేయవలసింది ఒక్కో రకం పనిలో ఒక నమూనాను నిజంగా పూర్తిచేసి, గడియారం చూసుకోవడం. తాబేలు పిల్ల నడకకు గంట చాలనుకున్నారు. ఎనిమిది ఫ్రేముల (వరుస బొమ్మల) నడక గీసి, కదిలించి, సరిచేసేసరికి నాలుగున్నర గంటలు పట్టింది. ఒక తీరం నేపథ్య చిత్రానికి ఏడు గంటలు. ఐదు తీరాలంటే నేపథ్యాలకే 35 గంటలు, 90లో మూడో వంతుకు పైగా. చేసి చూసిన ఒక్క నమూనా, ఊహించిన పది అంచనాలకంటే ఎక్కువ చెబుతుంది. ఆ రోజే నాలుగు తీరాలు పోయి ఆర్కే బీచ్ ఒక్కటే మిగిలింది. కుక్క, కాకి పోయి పీత మిగిలింది. అది పక్కకే నడుస్తుంది కాబట్టి గీయడమూ తేలిక. తుపాను గురించి మాత్రం కాసేపు వాదన జరిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఆ పిల్లలు బడిలో ఉన్న వయసువారు. ఆ జ్ఞాపకం ఆటలో ఉండాలన్న కోరిక నాకు అర్థమైంది. అది ఇంకో ఆట అవుతుందని ఒప్పుకొని, కాగితం వెనుకవైపు రాసిపెట్టారు.

ఉన్న బొమ్మలను తిప్పి వాడుకోవడం కూడా ఈ దశలోనే ఆలోచించాలి. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో మేఘాలూ పొదలూ ఒకే బొమ్మ, రంగు ఒక్కటే తేడా. ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది. మన ఆటలో ఒకే దీపస్తంభం ఐదు చోట్ల నిలబడితే తప్పేమీ లేదు, బీచ్ రోడ్డు మీద అసలు స్తంభాలు కూడా ఒకేలా ఉంటాయి.

ముందే పరీక్షించవలసిన సాంకేతిక సంగతులు

ఏ ఇంజిన్, అంటే ఆటను కట్టే సాఫ్ట్‌వేర్, అన్న ప్రశ్న మీద విద్యార్థులు రోజులు వెచ్చిస్తారు, అంత అవసరం లేదు. బృందంలో ఎవరికైనా యూనిటీ వచ్చి ఉంటే యూనిటీ. ఎవరికీ ఏదీ రాకపోతే ఉచితమూ, సోర్సు కోడు అందరికీ బాహాటమూ అయిన గోడో. ఒక చిన్న రెండు కొలతల ఆటకు ఏదైనా సరిపోతుంది.

దానికంటే ముఖ్యమైనది తెలుగు. ఆటలో తెలుగు అక్షరాలు కావాలనుకుంటే మొదటి వారంలోనే పరీక్షించాలి, ఎందుకంటే మన గుణింతాలు, వత్తులు తెర మీద సరిగా కూడాలంటే అక్షరాలను పక్కపక్కన పేర్చితే చాలదు, వాటి ఆకారాలను కలిపే ప్రత్యేక వ్యవస్థ ఇంజిన్‌లో ఉండాలి. గోడో మూడో తరం రూపంలో ఆ వ్యవస్థ లేదు. 2023 మార్చిలో వచ్చిన నాలుగో తరంలో చేరింది. పాత పాఠం చూసి పాత రూపాన్ని దించుకున్న ఒక బృందానికి “రక్షించండి” అన్న మాటలో వత్తు విడిపోయి, పొల్లు గుర్తు బయటికి కనిపించింది. ప్రదర్శనకు మూడు రోజుల ముందు వారు మాటలన్నీ బొమ్మలుగా మార్చి అతికించవలసి వచ్చింది. పరీక్షకు మంచి మాటలు “స్త్రీ”, “రాష్ట్రం”, “తాబేళ్లు”, “లక్ష్యం”. ఇవి సరిగా కనిపిస్తే మిగిలినవీ చాలావరకు కనిపిస్తాయి. ఖతి (ఫాంట్) విషయంలో నోటో సాన్స్ తెలుగు వంటి స్వేచ్ఛా లైసెన్సు ఉన్నదాన్ని వాడుకోవాలి.

రెండో పరీక్ష ఫోను. ఆట ఫోనులో నడవాలంటే, బృందంలో అందరికంటే పాత ఫోను ఎవరిదో చూసి, మొదటి వారంలోనే ఒక ఖాళీ ప్రాజెక్టును అందులోకి ఎక్కించాలి. సెకనుకు 60 ఫ్రేములు నడవాలంటే ప్రతి ఫ్రేముకూ ఇంజిన్‌కు దొరికేది 16.7 మిల్లీసెకన్లే; పాత ఫోను ఆ లెక్క అందుకోలేకపోతే 30 ఫ్రేములకు దిగే నిర్ణయం అప్పుడే తీసుకోవచ్చు.

మూడోది ఫైళ్ల భద్రత. పెన్‌డ్రైవ్‌లో “ఫైనల్”, “ఫైనల్ 2”, “అసలు ఫైనల్” అన్న ఫోల్డర్లతో పనిచేసిన ఒక బృందం, ఒక ల్యాప్‌టాప్ డిస్కు పాడై పదకొండు రోజుల పని పోగొట్టుకుంది. ఆ రోజు వారి మొహాలు నాకింకా గుర్తున్నాయి. ఫైళ్లలో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే గిట్ అనే సాధనం వాడడం మొదటి వారంలోనే అలవాటు చేసుకోవాలి. అయితే గిట్ కోడులో ఇద్దరి మార్పులను కలిపినట్టు బొమ్మల్లో, శబ్దాల్లో కలపలేదు. ఒకే బొమ్మ మీద ఒకే సమయంలో ఇద్దరు పనిచేయకూడదన్న నియమం పెట్టుకోవాలి. ఆ ఫైళ్లను ఆన్‌లైన్‌లో ఉంచుకొనే గిట్‌హబ్‌లో 100 మెగాబైట్లు దాటిన ఫైలును మామూలుగా ఎక్కించనివ్వరన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక ఆధారాల సేకరణ. ఆర్కే బీచ్ మీద ఆట చేసేవారు తెల్లవారుజామున అక్కడికి వెళ్లి, ఇసుక రంగు ఎలా మారుతుందో, దీపాల వెలుగు ఎంత దూరం పడుతుందో చూసి రాసుకోవాలి. పటాలు చూసి గీసిన తీరం పటంలాగే ఉంటుంది. ఇది తూర్పు నౌకాదళానికి కేంద్రమైన ఊరు కనుక నౌకాదళ ప్రాంతాల ఫొటోలు తీయరాదు, డ్రోన్ ఎగరేయరాదు. తాబేలు పిల్లలను వదిలేటప్పుడు దూరంగా నిలబడి చూడాలి, ఫ్లాష్ వెలిగించకూడదు. అలల శబ్దం ఫోనుతో రికార్డు చేస్తే గాలి హోరు తప్ప ఏమీ వినిపించదు. మైకు దగ్గర పలుచటి బట్ట చుట్టి, గాలికి వీపు పెట్టి నిలబడితే మెరుగవుతుంది. సినిమా పాటల ముక్కలు వాడకూడదు. బయటినుంచి తెచ్చిన ప్రతి బొమ్మకూ, శబ్దానికీ ఎక్కడిది, ఏ లైసెన్సు అన్నది తెచ్చిన రోజే రాసుకోవాలి. చివర్లో వెతికితే దొరకదు.

మూడో వారం చివర

మూడో వారం శుక్రవారం బృందమంతా కూర్చొని, నమూనాను మళ్లీ ఒకసారి ఆడి, ముందుకు వెళ్లాలా, మార్చాలా, మానాలా అని తేల్చుకోవాలి. మానడం కూడా ఒక సరైన ఫలితమే. 72 గంటలు పెట్టి ఒక ఆట పనికిరాదని తెలుసుకున్న బృందానికి ఇంకా తొమ్మిది వారాలు చేతిలో ఉంటాయి. ఎనిమిదో వారంలో తెలుసుకున్నవారికి ఆ అవకాశం లేదు. అడగవలసిన ప్రశ్నలు పెద్దవేమీ కావు. బొమ్మలు లేకుండానే పరాయివారు రెండోసారి ఆడతామన్నారా? కోర్ లూప్ మీద ఇంకా తేలని ప్రశ్న మిగిలిందా? పనుల జాబితా మొత్తం, నమూనాలతో కొలిచిన సమయం ప్రకారం, 90 గంటల్లో పడుతోందా?

తాబేళ్ల బృందం లెక్క మొదట 104కు వచ్చింది. పీత నడక తీసేసి, దాన్ని బొరియలో కళ్లు మాత్రమే కనిపించేలా కూర్చోబెట్టారు. ఏడు అంకాలు అనుకున్నవాటిని ఐదు చేశారు. మొత్తం 87 అయింది. పక్కింటి పాప రెండోసారి వచ్చినప్పుడు మొదటి దీపాన్ని ఎవరూ చెప్పకుండానే ఆర్పింది, నాలుగో అంకం దాకా ఆడి, అమ్మ పిలిస్తే విసుక్కుంటూ లేచింది. పనుల పట్టిక ప్రింటు తీసి గది తలుపుకు అతికించారు. నాలుగో వారం సోమవారం గడిలో రాసిన మొదటి పని: దీపస్తంభం బొమ్మ, వెలిగినది, ఆరినది, రెండు గంటలు.